పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే

ఎనిమిదేళ్లుగా నేను ఒక మాటను మోస్తున్నాను. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాల మాట. కీబోర్డు మీద దాన్ని కొట్టడానికి నాకు రెండు సెకన్లు పట్టి ఉంటుంది. దాని అర్థం 'నిలబడి'. ఒక మోకాలి ఎక్స్‌రే మూలన, కుడికాలి గుర్తు కింద, దాన్ని నేనే టైపు చేశాను. అది అబద్ధం.

నా పేరు చెప్పను. ఆమె పేరు మార్చి రాస్తాను. ఊరిని మాత్రం దాచను, మాది సూళ్లూరుపేట. ఊరు మారిస్తే ఈ తప్పు ఎలా జరిగిందో మీకు అర్థం కాదు. మరొక మాట కూడా ముందే చెప్పాలి. మోస్తున్నాను అన్నానని ఇది ఏడుస్తూ రాస్తున్నదని అనుకోకండి. ఆమెను తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వే వస్తుంది. ఆ నవ్వుకు నాకు హక్కు ఉందా? ఈ ప్రశ్న వేసుకుంటూనే రాస్తున్నాను.

నేను ఎక్స్‌రే తీసే మనిషిని. ఇరవై రెండేళ్లుగా అదే పని. ట్యూబు ఎంత దూరంలో ఉండాలో, ఏ ఎముకకు ఎంత కిరణం చాలునో, ఒక్క పాయింటు కూడా తేడా రాకుండా పెట్టడం నాకు అలవాటు. అలవాటు అనేకన్నా గర్వం అనడం నిజం. ప్రతి గురువారం మా ల్యాబు పక్క గదిలో ఎముకల డాక్టరు ఒకరు వచ్చి కూర్చునేవారు. నేను తీసిన చిత్రాన్ని కళ్లు మూసుకుని నమ్మవచ్చునని ఆయన నలుగురిలో అనేవారు. ఆయన నిజంగానే నమ్మారు.

మోకాలి నొప్పికి ఎక్స్‌రే తీసేటప్పుడు మనిషిని నిలబెట్టి తీయాలి. కారణం సులువైనది. తొడ ఎముకకూ కాలి ఎముకకూ నడుమ మెత్తటి మృదులాస్థి ఉంటుంది. అది ఎక్స్‌రేలో కనబడదు. రెండు ఎముకల మధ్య ఖాళీలాగా మాత్రమే తెలుస్తుంది. అది అరిగిపోతే, మనిషి నిలబడినప్పుడు ఒంటి బరువుకు ఎముకలు దగ్గరికి వచ్చి ఆ ఖాళీ సన్నబడుతుంది. పడుకుంటే బరువు ఉండదు. ఎముకలు విడిగా ఉంటాయి, ఖాళీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అరుగుదల దాక్కుంటుంది. ఇది మాకు చదువులో మొదటి ఏడాదే చెబుతారు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

మస్తాన్‌బీ గాజులు అమ్మేది. తలమీద గంప, చేతిలో తాడుకు గుచ్చిన గాజుల వరసలు. రోజుకు ఆరేడు కిలోమీటర్లు వీధులు తిరిగేది. హిందువుల ఇళ్లలో శ్రీమంతమైనా, పెళ్లికూతుర్ని చేసినా మొదటి గాజు ఆమె చేతితోనే పడాలని మా వైపు ఆడవాళ్లకు పట్టుదల. మా ఇంట్లో కూడా అంతే. అందుకే ఆమె నన్ను తమ్ముడూ అనేది, నేను అక్కా అనేవాణ్ణి. ఆమె భర్త ఖాజా దూది పరుపులు కుట్టేవాడు. ఎనిమిదేళ్ల క్రితం ఒక గురువారం సాయంత్రం ఆమె కుడి మోకాలు పట్టుకుని మా ల్యాబుకు వచ్చింది. అప్పటికి ఆమెకు నలభై తొమ్మిది. డాక్టరు చీటీలో స్పష్టంగా ఉంది: నిలబెట్టి తీయవలెను.

ఆ సాయంత్రం శ్రీహరికోట నుంచి రాకెట్ వెళ్లాలి. మా ఊళ్లో ఆ నిమిషానికి మిద్దెలన్నీ నిండిపోతాయి. పొయ్యి మీద పాలు ఉంటే పొయ్యి కట్టేసి వస్తారు. బస్సు డ్రైవరు బస్సు ఆపి కిందికి దిగుతాడు. నాకు అంతకన్నా పిచ్చి ఒకటి ఉంది. వెలుగు కనబడిన క్షణానికీ, శబ్దం మా మిద్దెకు చేరిన క్షణానికీ మధ్య ఎన్ని సెకన్లో స్టాప్‌వాచ్‌తో కొలిచి ఒక పుస్తకంలో రాసుకుంటాను. గాలిని బట్టి, ఎండను బట్టి ఆ సంఖ్య కొద్దిగా మారుతుంది. ఆ పుస్తకంలో అప్పటికి ఒక్క ప్రయోగం కూడా తప్పలేదు.

ఆమె వచ్చేసరికి పదకొండు నిమిషాలు మిగిలి ఉన్నాయి. నిలబెట్టి తీయాలంటే ట్యూబును అడ్డంగా తిప్పాలి. మా గోడ స్టాండు మోకాలి ఎత్తుకు దిగదు కాబట్టి మనిషిని రెండు మెట్ల చెక్కపీట ఎక్కించాలి. మోకాలు నొప్పి పెట్టే మనిషి పీట ఎక్కడమంటే మాటలు కాదు. మొత్తం పది నిమిషాల పని. పడుకోబెట్టి తీస్తే రెండు నిమిషాలు.

పడుకోబెట్టాను.

మూలన ఆ మాట టైపు చేశాను. చేయి పొరపాటున కొట్టలేదు. పడుకోబెట్టి తీశానని రాస్తే డాక్టరు మళ్లీ తీయమంటారని తెలిసే కొట్టాను. తరువాత మిద్దె మీదికి పరుగెత్తాను. మస్తాన్‌బీ మెట్లు ఎక్కలేక కింద బల్ల మీదే కూర్చుంది. డాక్టరు కూడా పైకి వచ్చి నా పక్కనే నిలబడ్డారు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆకాశం మబ్బుగా ఉంది. రాకెట్ నాలుగు సెకన్లు కనబడి మబ్బులో కలిసిపోయింది. శబ్దం వచ్చింది. సంఖ్య రాసుకున్నాను. అది ఇప్పటికీ పుస్తకంలో ఉంది, సరిగ్గానే ఉంది. ఆ రోజు నేను చేసిన పనుల్లో సరైనది అదొక్కటే.

డాక్టరు కిందికి దిగి చిత్రం చూశారు. మరునాడు మస్తాన్‌బీ ఆ చీటీ తెచ్చి, ఏమి రాశారో చదివి చెప్పమంది. మొదట 'కీళ్ల అరుగుదల' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది. అంటే చేతితో పరీక్షించినప్పుడు ఆయనకు అనుమానం వచ్చింది. తరువాత ఆ మాటను అడ్డగీతతో కొట్టేశారు. కింద: ఎక్స్‌రేలో ఖాళీ బాగానే ఉంది, కండరాల నొప్పి, పది రోజులకు మాత్రలు. ఆ అడ్డగీత గీయించింది నేను. దాన్ని చూస్తూ, ఆమె ముఖం చూడకుండా, ఏమీ లేదట అక్కా అని చెప్పాను. ఆమె ఎంతో సంతోషించింది. వెళుతూ వెళుతూ మా అమ్మాయికని డజను మట్టిగాజులు బల్ల మీద పెట్టి పోయింది.

ఎందుకు నోరు విప్పలేదు? ఆ రోజు నాకు తోచిన సమాధానం, చెబితే డాక్టరు నమ్మకం పోతుందని. ఇప్పుడు తోచే సమాధానం ఇంకా చిన్నది. నా గురించి నాకున్న అభిప్రాయం పోతుందని.

తరువాతి ఆరేళ్లలో ఆమె ల్యాబుకు రాలేదు. వీధిలో కనబడేది. మొదట కొద్దిగా కుంటేది. రెండేళ్లకు కాలు బయటి వైపుకు విల్లులా వంగడం మొదలైంది. అది ఎలా జరుగుతుందో నాకు తెలుసు. మోకాలి లోపలి వైపు ముందు అరుగుతుంది. అరిగిన వైపుకే కాలు ఒరుగుతుంది. ఒరిగిన కొద్దీ ఆ వైపే బరువు పెరిగి ఇంకా అరుగుతుంది. కుడికాలిని కాపాడబోయి ఎడమకాలి మీద భారం వేసింది, అదీ వంగింది. నాలుగో ఏడు గంప కోడలికి ఇచ్చింది. ఆమె ఎదురైనప్పుడల్లా నేను వీధి మారేవాణ్ణి.

నాకు తెలియనిది ఒకటి ఆమె ఇంట్లో జరుగుతూ ఉంది. నొప్పి అన్నప్పుడల్లా ఖాజా ఒకటే మాట అనేవాడట: ఫొటోలోనే ఏమీ లేదు, నీ కాల్లో యాడినుంచి వచ్చె? కొడుకు అదే అన్నాడు. చివరికి వీధి అంతా గాజుల మస్తాన్‌బీ పనికి బద్ధకించి నాటకాలాడుతోందని తేల్చింది. నేను అరిగిన మోకాలిని దాచానని అనుకుంటూ ఉన్నాను. ఆమె మాటనే అబద్ధం చేశానని నాకు ఎప్పటికో తెలిసింది.

ఆరేళ్ల తరువాత చేతికర్ర పట్టుకుని ఆమె వచ్చింది. ఈసారి కొత్త డాక్టరు, చిన్నవాడు. నేను పీట వేశాను. రెండు చేతులా పట్టుకుని ఎక్కించాను. నిలబెట్టి తీశాను. రెండు మోకాళ్లలోనూ లోపలి వైపు ఖాళీ లేదు. ఎముక మీద ఎముక. అంచుల్లో ముళ్లలా కొత్త ఎముక పెరిగి ఉంది. డాక్టరు పాత చిత్రాన్ని పక్కన పెట్టుకుని, ఆరేళ్లలో ఇంత తేడానా అని ఆశ్చర్యపోయాడు. కొందరికి వేగంగా అరుగుతుందిలే అని తానే సమాధానం చెప్పుకున్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. రెండోసారి కూడా మాట్లాడలేదు. మొదటి తప్పుకు పదకొండు నిమిషాల తొందర ఉంది. రెండోదానికి ఏమి ఉంది?

మాట్లాడడానికి బదులు సాయం చేశాను. సాయం చేయడం ఎంత సులువు! నెల్లూరులో ఒక ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. కాగితాలు నేనే నింపాను. అక్కడి సర్జను చిత్రాలు చూస్తూ యథాలాపంగా ఒక మాట అన్నారు. ఒకే పక్క అరిగినప్పుడు, వయసు యాభై లోపు అయితే, ఎముకను కోసి కాలి వంపు సరిచేసే ఆపరేషను ఉందని, బరువు బాగున్న పక్కకు మళ్లి అసలు కీలు చాలా ఏళ్లు నిలిచే వీలుందని, ఇప్పుడు ఆ దశ దాటిపోయిందని. దాటించింది ఎవరో ఆమెకు తెలియదు. తప్పకుండా అలాగే జరిగేదని నేను చెప్పలేను. జరిగే వీలు ఉండేదని చెప్పగలను. ఆ వీలును నేను తీసేశాను.

ఇక్కడి నుంచి నాకు నవ్వు మొదలవుతుంది. ఆపుకోలేను, ఏమీ అనుకోకండి.

మొదట కుడి మోకాలు మార్చారు. నడుముకు మత్తు ఇచ్చి చేస్తారు. మనిషి మెలకువగానే ఉంటుంది. లోపల అరిగిన ఎముక చివరలను కొలత ప్రకారం కోసి, లోహపు తొడుగులు సిమెంటుతో అతికించి, నడుమ గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. కోత, సుత్తి దెబ్బ అన్నీ వినబడతాయి. తెర వెనక నుంచి మస్తాన్‌బీ, "ఎవరమ్మా అది, తలుపులు బిగిస్తుండారా?" అని అడిగిందట. సర్జను ఒక్క క్షణం చేయి ఆపి నవ్వవలసి వచ్చిందని నర్సు నాతో చెప్పింది. మరునాడే వాకరు ఇచ్చి నిలబెట్టారు. మూడో రోజు మోకాలు మడిపించే అమ్మాయి వస్తే, గోనెసంచి మడిచినట్టు మడుస్తుందే ఈ పిల్ల అని వార్డంతా వినబడేలా తిట్టి, ఆ అమ్మాయి చేతి కొలత చూపుతోనే అంచనా కట్టి, ఇంటికి పోయాక సరిగ్గా సరిపోయే గాజులు పంపింది. నాలుగు నెలలకు ఎడమది కూడా అయింది.

రెండు కాళ్లూ తిన్నగా అయ్యాక ఒక ఉదయం ఇంట్లో గొడవ. ఆమె చీరలన్నీ పైకి వచ్చాయి. కోడలు ఉతికి పాడుచేసిందని రభస. నన్ను పిలిపించారు. గోడకు నిలబెట్టి కొలిచాను. విల్లులా వంగిన కాళ్లు తిన్నబడి ఆమె రెండున్నర సెంటీమీటర్లు పొడవైంది. యాభై ఆరేళ్ల వయసులో పొడుగైన మనిషి ఈ వీధిలో ఇంకెవరైనా ఉన్నారా అని ఆ రోజంతా ప్రతి గడపలోనూ అడిగింది.

మళ్లీ గంప ఎత్తింది. కింద గొంతుక్కూర్చోకూడదు కాబట్టి మడత స్టూలు ఒకటి వెంట తీసుకుపోతుంది. తాను స్టూలు మీద కూర్చుంటే గాజులు వేయించుకునేవాళ్లు కూడా కుర్చీ వేసుకోవాలి. మా వీధుల్లో ఆడవాళ్లంతా ఇప్పుడు రాణుల్లా కుర్చీల్లో కూర్చుని గాజులు వేయించుకుంటున్నారు. వేస్తూ వేస్తూ ఆమె అందరికీ చెప్పేది: ఈ కాళ్లు మా ఎక్సరే తమ్ముడు ఇచ్చినవి. మా ఇంట్లో మా అమ్మాయి శ్రీమంతానికి కూడా, వచ్చిన చుట్టాలందరి ముందు అదే మాట. అందరూ నన్ను చూశారు. నేను మజ్జిగ గ్లాసులు అందించే నెపంతో లోపలికి పోయాను.

ఆమె నడుస్తోందన్న సంతోషం నిజమైనది. ఆ సంతోషంలో నా వాటా మాత్రం దొంగసొత్తు.

గత నెల ఆమె ఏడాది పరీక్ష చిత్రానికి వచ్చింది. పీట వేశాను. నా చేయి అందుకోకుండా తానే ఎక్కి నిలబడింది. ట్యూబు సరిచేస్తున్నాను.

"ఎందుకు తమ్ముడూ నన్ను ఇట్ట పీటెక్కించేది? మొదట తీసినావే, ఆ పొద్దు. హాయిగా పడుకోబెట్టి తీసినావు. అట్టనే తీయరాదా?"

నా చేయి ఆగిపోయింది. గదిలో మేమిద్దరమే ఉన్నాము. ఆమెకు గుర్తుంది. ఎనిమిదేళ్లుగా ఆ విషయం నా ఒక్కడికే తెలుసనుకున్నాను.

"అట్ట తీయకూడదక్కా. ఆ పొద్దు నేను తప్పు చేసినాను."

"ఏం తప్పు?"

"రాకెట్ చూడాలని తొందరపడినాను. డాక్టరు నిన్ను నిలబెట్టి తీయమన్నాడు. నేను పడుకోబెట్టి తీసి, నిలబెట్టి తీసినట్టు రాసినాను. ఆయన అది నమ్మి ఏమీ లేదన్నాడు. ఉండిందక్కా. అప్పుడే ఉండింది."

ఆమె పీట మీది నుంచి నన్ను చూసింది.

"నొప్పి అప్పుడే ఉండిందా?"

"ఉండింది."

"ఎముకలోనా?"

"ఎముకలోనే."

"నాటకం గాదు?"

"కాదక్కా."

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను. ఆమె ముఖంలో కోపం వస్తుందని ఎదురుచూశాను. వచ్చింది కూడా. కానీ దాని వెనకనే మరొకటి వచ్చింది. పోగొట్టుకున్న వస్తువు దొంగ చేతిలోనే దొరికితే మనిషి ముఖం ఎలా వెలుగుతుందో, అలా.

"ముందు ఈ ఫొటో తియ్యి. నిలబెట్టే తియ్యి," అంది. "మా ఆయన ఇంట్లోనే ఉండాడు. తర్వాత నాతో పా."

"అక్కా, నా మీద కోపం..."

"కోపం లేకుండా ఎట్ట ఉంటది? ఉండాది. దాన్ని తర్వాత చూసుకుందాం. ముందు పా."

బయటికి వచ్చే దారిలో కౌంటరు దగ్గర మా యజమాని ఉన్నారు. మస్తాన్‌బీ ఆగి, చెప్పు అంది. చెప్పాను. ఎన్ని చిత్రాలకు ఇలా చేశావని ఆయన అడిగారు. ఒక్కదానికే అన్నాను. అది నిజం. కానీ అబద్ధం టైపు చేసిన చేయి చెప్పే నిజానికి విలువ ఎంత? పాత మోకాలి చిత్రాలన్నీ ఆ కొత్త డాక్టరుతో కలిసి మళ్లీ చూడాలని ఆయన అన్నారు. అదే న్యాయం. ఇప్పుడు చూస్తున్నాము. మొదటి డాక్టరు గారికి కూడా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

ఇంట్లో ఖాజా నట్టింట పరుపు పరచుకుని పొడవాటి సూదితో కుడుతున్నాడు. కొడుకూ కోడలూ ఉన్నారు. నేను మృదులాస్థి, బరువు, ఖాళీ అని మొదలుపెట్టాను. ఖాజాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. మస్తాన్‌బీ నన్ను పక్కకు జరిపింది.

"నువ్వు పాత పరుపు సరిచేసేదానికి తీసుకుంటే ముందు ఏం జేస్తావు?"

"ఎక్కి పడుకుంటాను," అన్నాడు ఖాజా.

"ఎందుకు?"

"ఊరికే చూస్తే ఉబ్బుగానే ఉంటాది. మనిషి పడుకుంటేనే గదా దూది యాడ అణిగిపోయిందో తెలిసేది."

"అదీ! ఈ అబ్బయ్య ఎవరూ పడుకోని పరుపును చూసి బాగుండాదని రాసినాడు. అది పట్టుకుని నువ్వు ఆరేళ్లు నన్ను నాటకాలదన్నావు."

సూది ఆగింది. ఖాజా నన్ను చూశాడు, ఆమెను చూశాడు, పరుపును చూశాడు. నలభై ఏళ్లుగా పరుపులు కుట్టే మనిషికి దానికన్నా గట్టి సాక్ష్యం అక్కరలేదు. తల వంచుకున్నాడు.

"ఇప్పుడు నన్నేం చేయమంటావే?"

"ఏం చేయబాక. నాటకమని ఎంతమందికి చెప్పినావో, వాళ్లందరికీ ఇప్పుడు పోయి ఇది చెప్పు. ఈయన చెప్తాడు, నువ్వు తలూపు."

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో మొదట తెలియలేదు, నవ్వే.

అలా ఆ మధ్యాహ్నం మేము వీధిన పడ్డాము. ముందు మస్తాన్‌బీ, వెనక మేమిద్దరం, ముద్దాయిల్లాగా. ఆమె నడుస్తోంది. కర్ర లేదు. రెండు అడుగులూ సమానం; తొంగి చూసి కొలవవలసిన పని లేదు. ప్రతి గడప ముందు ఆగి, "ఏమే, బయటికి రా, ఈ ఎక్సరే అబ్బయ్య ఒక మాట చెప్తాడంట," అని పిలిచేది. నేను చెప్పేవాణ్ణి. ఖాజా తలూపి, తప్పు నాది గూడా అనేవాడు. కొందరు నన్ను తిట్టారు. ఒక ముసలామె, నీ చేతులు పడిపోను అంది. ఒకావిడ మస్తాన్‌బీని కౌగలించుకుంది. మొదటి గడపలో మాటను మూడుసార్లు మొదలుపెట్టవలసి వచ్చింది. రెండోదానిలో సగంలో ఆగిపోయింది. నాలుగోదానికి వచ్చేసరికి మాట తడబడలేదు. ఇంత చిన్న వాక్యమా ఇది, దీన్నా ఇన్నేళ్లు గొంతులో పెట్టుకున్నది అని నాకే వింతగా అనిపించింది. ఎండలో చెమట కారుతోంది, ఒళ్లు తేలికగా ఉంది. ఆ తేలికను చూసి సిగ్గు కూడా వేసింది.

వీధి చివర ధైర్యం చేసి అడిగాను, నన్ను క్షమిస్తావా అక్కా అని.

ఆమె వెనక్కి తిరిగింది. కాసేపు ఆలోచించింది, నిజంగానే ఆలోచించింది.

"ఆ సంగతి నన్నడగబాక," అంది. "నాకింకా తెలీదు. మూడు వీధులుండాయి, నడువు."

నడిచాను. ఆమె వేగానికి నేనూ ఖాజా వెనకబడుతూనే ఉన్నాము. ఆమె అప్పుడు చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. నేను మళ్లీ అడగలేదు. ఆ రోజు ఎన్ని గడపల్లో చెప్పానో లెక్క పెడుతూ వచ్చాను. ఇరవై దాటాక ఎక్కడో తప్పింది. నా జీవితంలో లెక్క తప్పిపోయినందుకు బాధపడనిది అదొక్కసారే. మీరు ఎన్నోవారో నాకు తెలియదు. మీకూ చెప్పాను: ఆ రోజు నేను ఆమెను నిలబెట్టలేదు.